ప్రొక్లెయినర్ జబ్బు ఎక్కడ దాక్కుంటుంది? ఒక చిన్న చరిత్ర

మన ఊర్లలో చెరువు పూడిక తీయడానికి వచ్చే పెద్ద మిషన్‌ని ప్రొక్లెయినర్ అంటాం. ఇక్కడ గల్ఫ్‌లో అరబ్బులు దాన్నే బొక్లీన్ అంటారు. వాళ్ళ భాషలో 'ప' లేదు, అందుకని 'బ' అయింది. రెండు పేర్లకీ మూలం ఒక్కటే. ఫ్రాన్స్‌లో పొక్లెయిన్ అనే కంపెనీ. జార్జ్ బతాయ్ అనే ఆయన 1927లో వ్యవసాయ పనిముట్లు బాగుచేసే షాపుతో మొదలుపెట్టాడు. ఆయన పొలం పేరే కంపెనీకి పేరయింది. 1970లలో ఎల్ అండ్ టీ వాళ్ళతో చేతులు కలిపి మన దేశంలో ఈ మిషన్లు తయారుచేసింది. అట్లా ఒక ఫ్రెంచి రైతు పొలం పేరు మన నోట్లో పడింది.

సైటు మీద పనిచేసే మేము ఈ మిషన్ చరిత్రని ఇంకో రకంగా చూస్తాం. ఏ ఏడు ఎవడు కనిపెట్టాడు అన్నది ఒక లెక్క. మిషన్ ఆగిపోతే తప్పు ఎక్కడుందో ఎట్లా కనుక్కున్నారు అన్నది ఇంకో లెక్క. తప్పు దొరక్కపోతే నింద ముందుగా ఆపరేటర్ మీదే పడుతుంది కాబట్టి మాకు రెండో లెక్కే ముఖ్యం.

మొదట గడ్డపార, పార, తట్ట. నాగార్జునసాగర్‌కి 1955లో పునాది రాయి వేశారు. అంత పెద్ద రాతి డ్యామ్ ఎక్కువగా మనుషుల చేతుల మీదనే లేచింది. గడ్డపార మొన అరిగితే కంటికే కనిపిస్తుంది, కమ్మరి కొలిమికి తీసుకుపోతే అయిపోయింది.

అమెరికాలో విలియమ్ ఓటిస్ అనే కుర్రాడు ఆవిరితో తవ్వే మిషన్‌కి 1839లో పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడు చనిపోయాడు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ జాతి మిషన్లే తర్వాత 1904 నుంచి 1914 దాకా అమెరికా వాళ్ళు పనామా కాలువ తవ్వినప్పుడు కొండని కోశాయి. ఒక్క బ్యుసైరస్ కంపెనీవే 77 పనిచేశాయి. వాటిలో బలం అంతా గొలుసులు, ఇనుప తాళ్ళు, పళ్ళ చక్రాల మీద నడిచేది. తాడు పీచులు లేస్తే కనిపిస్తుంది, చక్రం పన్ను విరిగితే చప్పుడొస్తుంది, బాయిలర్ కారితే ఆవిరి చెబుతుంది. జబ్బు బయటే ఉండేది.

నూనె వచ్చాక జబ్బు పైపు లోపలికి పోయింది.

నీళ్ళని ఒత్తితే బలం పెరుగుతుందన్న సంగతి పాతదే. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లోనే దాంతో ప్రెస్సు చేశాడు. కానీ తవ్వే మిషన్‌లో పెట్టాలంటే లీకు కాని సీలు కావాలి, వంగే గట్టి పైపు కావాలి. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో బతికిన నీల్స్ క్రిస్టెన్సన్ డెబ్బై దాటిన వయసులో ఓ-రింగ్ పేటెంట్ కోసం అర్జీ పెట్టాడు, 1939లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి సీళ్ళు, పైపులు బాగా మెరుగయ్యాయి. తర్వాత వరసగా వచ్చాయి. పొక్లెయిన్ మొదటి హైడ్రాలిక్ మిషన్ 1951లో. ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ ముందు లోడరు, వెనక తవ్వే చెయ్యి ఉన్న మిషన్ 1953లో తెచ్చాడు. మనం జేసీబీ అనేది ఆయన పేరులోని అక్షరాలే. జర్మనీలో డెమాగ్ వాళ్ళు పైభాగం చుట్టూ తిరిగే పూర్తి హైడ్రాలిక్ మిషన్ 1954లో చేశారు.

ఇప్పటి 20 టన్నుల మిషన్‌లో నూనె ఒత్తిడి సుమారు 350 బార్ దాకా పోతుంది. కారు టైరులో ఉండేది 2 బార్ చిల్లర. అంత బలం ఇనుము లోపల దాక్కుంది. చూస్తే ఏమీ కనిపించదు. అప్పుడు మెకానిక్కులు ఒక పద్ధతి పట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

మొదటి ప్రశ్న: ఒక్క పనే మందంగా ఉందా, అన్నీ మందంగా ఉన్నాయా? బకెట్ ఒక్కటే బలం లేకపోతే ఆ సిలిండర్ సీలు, ఆ దారిలోని వాల్వు చూడాలి. బూమ్, బకెట్, తిరుగుడు, నడక అన్నీ కలిసి మందగిస్తే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి. ఇంజను, ట్యాంకు నుంచి పీల్చే పైపు, పంపు, ఇంకా లివర్ల దగ్గర నుంచి హుకుం మోసే పైలట్ నూనె. పైలట్ ఒత్తిడి 30, 40 బార్ మధ్య ఉంటుంది. అది పడిపోతే పెద్ద పంపు ఎంత బాగున్నా మిషన్ కదలదు. చౌక వస్తువు ముందు, ఖరీదు వస్తువు చివర. ఫిల్టరు కోసి చూస్తే పసుపు రంగు ఇత్తడి రజను ఉందా లేదా తెలుస్తుంది. ఉంటే పంపో మోటారో లోపల అరుగుతోందని అర్థం.

ఒక మాట తమ్ముళ్ళకి గట్టిగా చెప్పాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయట చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చెయ్యి కుళ్ళిపోతుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి. ఎక్కినట్టు అనుమానం వచ్చినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఆ తర్వాత జబ్బు మళ్ళీ ఇల్లు మార్చింది. ఈసారి వైరులోకి. 1980ల నుంచి పంపుకి ఎంత నూనె ఇవ్వాలో కంప్యూటర్ డబ్బా చెప్పడం మొదలైంది. బాష్ కంపెనీ 1986లో క్యాన్ అనే పద్ధతి చూపించింది. రెండు వైర్ల మీద డబ్బాలన్నీ మాట్లాడుకుంటాయి. బ్యాటరీ తీసేసి ఆ రెండు వైర్ల మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే రెండు కొసల్లో ఒక కొస తెగినట్టు.

ఇక్కడే అందరూ మోసపోతారు. స్క్రీన్ మీద కోడ్ వస్తే ఆ వస్తువే పోయింది అనుకుంటారు. కోడ్ చెప్పేది 'ఈ దారిలో కరెంటు నేననుకున్నట్టు లేదు' అని మాత్రమే. వస్తువు పోయిందా, వైరు తెగిందా, ఎర్త్ వదులయిందా అన్నది మనిషే తేల్చాలి.

మా దగ్గర ఒక వేసవిలో ఇట్లాగే అయింది. పొద్దున బాగా తవ్వే మిషన్ మధ్యాహ్నానికి మందగించేది. వేడికి నూనె పలచబడి, అరిగిన పంపులో లోలోపలే కారిపోతే సరిగ్గా ఇదే లక్షణం. స్క్రీన్ మీద పంపు సోలినాయిడ్ కోడ్. మిషన్ యజమాని మనిషి పంపు పోయింది, ఆపరేటర్ మొరటుగా నడిపాడు, జీతంలో కోస్తాం అన్నాడు. చాలా మిషన్లలో పంపుకి ఒక ఎమర్జెన్సీ స్విచ్ ఉంటుంది. అది వేస్తే కంప్యూటర్‌ని పక్కనపెట్టి కరెంటు నేరుగా సోలినాయిడ్‌కి పోతుంది. మిట్టమధ్యాహ్నం ఆ స్విచ్ వేసి నడిపించాం. మిషన్ పొద్దుటి లాగే తవ్వింది. అంటే పంపు నిక్షేపంగా ఉంది, దోషం కరెంటు వైపు. ఇంజను నడుస్తుండగా కంట్రోలర్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటర్ పెట్టాం. దాదాపు సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టులు దాటింది. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము. సముద్రపు గాలి, ఉప్పు తేమ. గీకి బిగిస్తే అరగంట పని. ఆపరేటర్ జీతం ముట్టుకోలేదు.

ఇప్పుడు మిషన్లు ఆఫీసుకి తామే కబురు పంపుతున్నాయి. కొమాట్సు వాళ్ళు 2001 నుంచి జపాన్‌లో ఆ యంత్రాన్ని మిషన్‌తోపాటే ఇస్తున్నారు. మంచిదే, దొంగతనం తగ్గుతుంది, సర్వీసు టైముకి జరుగుతుంది. కానీ కోడ్ ఆఫీసులో ముందు కనిపిస్తుంది, మిషన్ దగ్గర నిలబడ్డవాడి మాట తర్వాత వినబడుతుంది.

అందుకే మా సైటులో ఒక నోటుబుక్ పెట్టాం. ఏ వస్తువు మార్చాలన్నా ముందు నూనె ఎంత వేడి, గేజ్‌లో ఎంత ఒత్తిడి, మీటర్‌లో ఎంత వోల్టు అని తేదీతో రాస్తాం, ఫోన్‌తో ఫొటో తీస్తాం. అంకె రాసి ఉంటే ఎవరూ ఊరికే నింద వేయలేరు. కొత్తగా వచ్చిన హెల్పర్ తమ్ముళ్ళు స్పానర్ పట్టుకోవడంతో పాటు గేజ్, మీటర్ చదవడం కూడా మొదటి నెలలోనే నేర్చుకోండి. పదో తరగతి లెక్కలు చాలు.