గుర్తు తిరగబడిన క్షణం

1993 సెప్టెంబర్ 20, సోమవారం. శ్రీహరికోట.

ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం. మధ్యలో 44 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది పీఎస్ఎల్‌వీ రాకెట్. ఇదే దాని తొలి ప్రయాణం. తలలో ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహం. నేడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ దీవి అప్పటికి నెల్లూరు జిల్లాది.

కౌంట్‌డౌన్ ముగిసింది. నిప్పులు కక్కుతూ రాకెట్ లేచింది. మొదటి దశ చెప్పిన పని చేసింది. రెండో దశ ఇంజన్ కూడా మండి ఆగింది. ఇక ఖాళీ అయిన ఆ రెండో దశ వెనక్కి జరగాలి, మూడో దశ అంటుకుని ముందుకు దూకాలి. వెనక్కి లాగడానికి చిన్న చిన్న రెట్రో రాకెట్లు ఉన్నాయి.

అవి చేయాల్సినట్టు పని చేయలేదు. విడిపోతున్న రెండు దశలూ ఒకదానికొకటి తగిలాయి. రాకెట్ ఊగిపోయింది.

అయినా ఆశ చావలేదు. ఇలాంటి ఊపును సరిచేయడానికే లోపల ఒక కంప్యూటరుంది. ముక్కు దారి నుంచి ఎంత తప్పిందో కొలిచి, అంతే బలంగా ఎదురు తిప్పమని ఆదేశం పంపాలి. ఊపు పెద్దది కాబట్టి ఆదేశమూ పెద్దదే అయింది. ప్రోగ్రాములో అనుమతించిన గరిష్ఠ విలువను దాటిపోయింది. దాటినప్పుడు గరిష్ఠం దగ్గరే నిలబెట్టాలి. అక్కడే ఉంది తప్పు. 99999 దాటిన పాత స్కూటరు మీటరు సున్నాలకు తిరిగినట్టు లెక్క పొర్లింది, గుర్తు తిరగబడింది. ఎదురు తిప్పాల్సిన చోట, పడిపోతున్న వైపే ఇంకా నెట్టింది. గోరుచుట్టు మీద రోకలి పోటు.

ఉపగ్రహం కక్ష్య చేరలేదు. ఏళ్ల తరబడి పడిన శ్రమ బంగాళాఖాతంలో కలిసిపోయింది.

రెండు తప్పులు, ఒక చిట్టా

వైఫల్య విశ్లేషణ కమిటీ కూర్చుంది. చేతిలో మిగిలింది, ఎగురుతూ రాకెట్ పంపిన టెలిమెట్రీ అంకెలే. రెట్రో రాకెట్ల సంగతి తేలింది. ‘దొరికింది కారణం’ అని అక్కడే ఆగి ఉంటే, రెండో తప్పు తర్వాతి రాకెట్లోనూ ఎక్కి కూర్చునేది. ఆగలేదు. అంత ఊపు వచ్చినా తట్టుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ ఎందుకు తట్టుకోలేదని తవ్వారు. ముక్కు పైకీ కిందికీ ఊగడాన్ని అదుపు చేసే పిచ్ నియంత్రణ ప్రోగ్రాములో దాక్కున్న పొరపాటు బయటపడింది.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో నేడు రోజూ జరిగే పని ఇదే. తప్పు కనబడగానే తప్పుల చిట్టాలో దాని పేర ఒక నమోదు, అంటే టికెట్ తెరుస్తారు. ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏం చేస్తే వచ్చింది, ఏం జరగాలి, ఏం జరిగింది అని రాస్తారు. తర్వాత రెండు తూకాలు వేస్తారు. తీవ్రత అంటే, ఇది జరిగితే ఎంత నష్టం అని. ప్రాధాన్యం అంటే, ఎంత త్వరగా దిద్దాలి అని. ఆపైన టికెట్ చేతులు మారుతుంది: కొత్తది, అప్పగించినది, సరిచేసినది, పరీక్షించినది, మూసినది. తప్పు మళ్లీ తలెత్తితే తిరిగి తెరుస్తారు.

ఈ రెండు తూకాలనూ కలిపేసిన చోటే ప్రమాదం. శ్రీహరికోట తప్పును ఎగరక ముందే ఎవరైనా చూశారనుకోండి. మామూలు ప్రయాణంలో ఆదేశం గరిష్ఠం దాటదు. మామూలు పరీక్షల్లో అది కనబడదు. ‘అరుదు, తర్వాత చూద్దాం’ అని అడుగున పెట్టడం ఎంత సులువు! కానీ ఆ అరుదైన క్షణంలో అది మొత్తం రాకెట్‌నే మింగింది. ఎంత తరచుగా వస్తుందన్నది ఒక్కటే చాలదు. ఇంకో తప్పు తోడైతే ఏం చేయగలదో కూడా అడగాలి.

ఈ పాఠం ఒక్క మనకే కాదు. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియాన్-5 తొలి ప్రయాణంలోనే, 40 సెకన్లయినా గడవక ముందే పేలిపోయింది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే లెక్క పొర్లింది. ఏరియాన్-4లో నిక్షేపంగా పనిచేసిన ప్రోగ్రామే అది.

టికెట్ మూసిన రోజు

1994 అక్టోబర్ 15, శనివారం. అదే దీవి, అదే జాతి రాకెట్, లోపల దిద్దిన సాఫ్ట్‌వేర్. మొదటి దశ, రెండో దశ. పోయినసారి చెయ్యి జారిన చోటు వచ్చింది. దశలు విడిపోయాయి. మూడో దశ అంటుకుంది. నాలుగోది ఐఆర్ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది. ‘సరిచేశాం’ అన్న మాట ఆ రోజుతో ‘నిర్ధారించాం’ అయింది.

2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను మోసుకెళ్లింది ఈ పీఎస్ఎల్‌వీయే. మన చిత్తూరు, తిరుపతి పిల్లలు ఎందరో బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో తెల్లవార్లూ టికెట్లు చూస్తున్నారు. మీరు వారిలో ఒకరైతే, ‘తప్పును మళ్లీ రాబట్టలేకపోయాం’ అని రాసి ఒక టికెట్‌ను మూయబోయే ముందు, ఆ సోమవారాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఇంకొక్క పరీక్ష చేసి చూడండి.