మందపల్లి మందేశ్వరుడు: శాటర్న్, క్రోనస్‌లతో పోలిక

కోనసీమలో రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్లే దారిలో ఉన్న మందపల్లి శని క్షేత్రంగా ప్రసిద్ధి. ఇక్కడి మూలవిరాట్టు మాత్రం శివలింగం. శని, అంటే మందుడు, ప్రతిష్ఠించాడు కాబట్టి మందేశ్వరుడన్నారు. అశ్వత్థుడు, పిప్పలుడు అనే రాక్షసులు గోదావరి తీరాన బ్రాహ్మణులను కబళిస్తుంటే మునులు శనిని శరణు వేడారనీ, ఆయన ఆ ఇద్దరినీ చంపి శివుణ్ణి నిలిపాడనీ స్థలపురాణం. శనివారాల్లో, అందులోనూ శని త్రయోదశినాడు, భక్తులు బారులు తీరి లింగానికి నువ్వుల నూనెతో తైలాభిషేకం చేయిస్తారు.

ఇదే గ్రహాన్ని గ్రీకులు క్రోనస్ పేరుతోనూ, రోమన్లు శాటర్న్ పేరుతోనూ పిలిచారు. అంతమాత్రాన ముగ్గురూ ఒకరే అనేస్తే పొరపాటు. గ్రహం ఒకటే, దేవుళ్లు వేరు.

క్రోనస్ ఆకాశానికీ భూమికీ పుట్టిన కొడుకు. కొడవలితో తండ్రిని దెబ్బతీసి రాజ్యానికొచ్చాడు. తన బిడ్డే తనను పడదోస్తాడన్న జోస్యానికి భయపడి పుట్టినవాళ్లను పుట్టినట్టే మింగాడు. కంసుడు చెల్లెలి బిడ్డలను చంపితే, ఇతడు సొంతవాళ్లనే వదల్లేదు. ఆఖరి బిడ్డ జ్యూస్‌కు బదులు తల్లి రియా గుడ్డలో చుట్టిన రాయిని చేతికిస్తే దాన్నీ మింగేశాడు. చాటుగా పెరిగిన జ్యూస్ చివరకు అతణ్ణి ఓడించి పాతాళంలో బంధించాడు. ఇంత కథ ఉన్నా గ్రీసులో క్రోనస్‌కు గుళ్లూ పూజలూ తక్కువే.

రోములో తిరకాసు ఇక్కడే. శాటర్న్ అక్కడి పాత వ్యవసాయ దేవుడు. చేతి కొడవలి చూసి క్రోనస్‌తో కలిపేశారు గానీ క్రూరత్వం అంటలేదు. జూపిటర్ (గ్రీకుల జ్యూస్) చేతిలో ఓడి ఇటలీకి వచ్చిన శాటర్న్‌కు రెండు ముఖాల జానస్ ఆశ్రయమిచ్చాడనీ, అతని ఏలుబడి స్వర్ణయుగమనీ వాళ్ల నమ్మకం. ఆ జానస్‌కు గ్రీకుల్లో జోడీయే లేదు. ఫోరంలోని శాటర్న్ ఆలయాన్ని క్రీ.పూ. 497లో ప్రతిష్ఠించారని సంప్రదాయం. రాజ్య ఖజానా అందులోనే ఉండేది. ఎనిమిది స్తంభాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. క్రీ.పూ. 217లో, శత్రు సేనాని హానిబాల్ దెబ్బలకు రోము బెంబేలెత్తిన ఏడాది, పన్నెండుమంది దేవతలను జంటలుగా పాన్పులపై ఉంచి విందు పెట్టారు. గ్రీకు పద్ధతిలో కూర్చిన ఆ పన్నెండుమందిలో శాటర్న్ లేడు. కానీ అదే ఏడాది డిసెంబరులో అతని పండుగకు బహిరంగ విందు చేర్చారు. డిసెంబరు 17న మొదలయ్యే ఆ సాటర్నేలియాలో యజమానులు బానిసలకు వడ్డించేవారు. మామూలు రోజుల్లో నిషిద్ధమైన జూదానికీ అడ్డు ఉండేది కాదు.

శాటర్న్ విగ్రహం కాళ్లకు ఏడాది పొడవునా ఉన్ని కట్టు ఉండేది, పండుగకే విప్పేవారు. విగ్రహం లోపల నూనె నింపి ఉండేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మన శనికీ కుంటి నడక ఉంది, నూనె ప్రీతి ఉంది. చదవగానే ఒళ్లు జలదరించే పోలికే, కానీ మందపల్లి తైలాభిషేకాన్ని రోముకు ముడిపెట్టేందుకు ఆధారమేమీ లేదు.

అసలు చుట్టరికం పంచాంగంలో ఉంది. పూర్వులు కంటితో చూసిన గ్రహాల్లో శనే అతి నెమ్మది: రాశిచక్రం చుట్టడానికి సుమారు 29½ ఏళ్లు, అంటే రాశికి రెండున్నరేళ్లు. మూడు రాశులు దాటే కాలమే ఏలినాటి శని. నెమ్మది నుంచి వేగానికి శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరస పెట్టి గంటకొకరిని అధిపతిగా లెక్కిస్తే, ప్రతి రోజూ మొదటి గంట ఎవరిదో ఆ రోజుకు వారి పేరు. శనివారం తర్వాత ఆదివారం, ఆపై సోమవారం రావడం ఈ లెక్కే. గ్రీకో-రోమన్ జ్యోతిషంలో రూపుకట్టిన ఈ వారాలు క్రీ.శ. 484 నాటి బుధగుప్తుని ఏరణ్ శాసనంలో కనిపిస్తాయి. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రవికి హేలి, కుజునికి ఆర, శుక్రునికి ఆస్ఫుజిత్, శనికి కోణ అన్న పేర్లు కూడా ఇచ్చాడు: హీలియోస్, ఏరిస్, ఆఫ్రొడైటీ, క్రోనస్. ఈ కోణను పట్టుకుని కోనసీమకు బంధుత్వం కలపబోవద్దు.

పేర్లు వచ్చినా స్వభావాలు రాలేదు. శని ఛాయాసూర్యుల కొడుకు, యముడి తమ్ముడు, కర్మఫలం లెక్కచూసేవాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు కాడు. దేవతల రాజు జూపిటర్ స్థానంలో మనకు దేవగురువు బృహస్పతి. అందాల వీనస్ చోట ఒంటికన్ను శుక్రాచార్యుడు! కుజుడంటే పెళ్లిచూపుల్లో దోషం వెతుకుతాం. గ్రీకులకూ యుద్ధదేవుడు ఏరిస్ అంటే గిట్టేది కాదు. రోమన్లకు మాత్రం మార్స్ నగర స్థాపకుడు రోములస్ తండ్రి, మార్చి నెలకు పేరిచ్చిన వంశకర్త.