నలుబది వేయవవంతుల చరిత్ర

యుద్ధముకొఱకు పుట్టిన యంత్రములు శాంతికాలమున వీథులలో బ్రదుకుట అరుదు. బ్రదికినను ప్రదర్శనశాలలలో రంగు పూయించుకొని నిలువవలసినదే. జీపు ఇందుకు అపవాదము. 1941లో అమెరికా సైన్యము టొలీడో నగరమందలి విల్లీస్ కంపెనీకి ఆ బండ్లకై పెద్ద ఆర్డరు నిచ్చిననాడు, అవి మన తాలూకా కచేరీల ముంగిళ్లలోను, అరకు, పాడేరు ఘాటుదారులలోను తరములపాటు తిరుగునని ఊహించినవారు ఉండరు. ఆ దీర్ఘాయువునకు జీపు దార్ఢ్యమే కారణమని సాధారణముగ చెప్పుదురు. నా దృష్టిలో అది సగము మాటయే. ఇంజను దిమ్మలో మరమ్మతుకొఱకని తయారుచేసినవారు ముందుగనే విడిచిపెట్టిన కొద్దిపాటి ఇనుమును మన మెకానిక్కులు దఫదఫాలుగ, లోభి సొమ్మువలె ఖర్చుపెట్టుకొనిరి. ఆ ఖర్చు కథయే మనదేశమున జీపు చరిత్ర.

ఆ ఇంజనునకు 'గో డెవిల్' అని పేరు. విల్లీస్ ప్రధాన ఇంజనీరైన బార్నీ రూస్ అనునతడు 48 అశ్వశక్తుల పాత కారు ఇంజనును తీసికొని, దాని లోపములను ఒక్కొక్కటిగ సవరించి, అరువది అశ్వశక్తులకు పెంచెను. సిలిండర్లు నాలుగు; ఒక్కొక్కదాని వ్యాసము 3.125 అంగుళములు, స్ట్రోకు 4.375 అంగుళములు, మొత్తము 134 ఘనపు అంగుళములు, అనగా సుమారు 2,200 సీసీ. వాల్వులన్నియు దిమ్మలోనే అమర్చబడినందున హెడ్డు కేవలము ఒక ఇనుపమూత. దానిని విప్పినంతనే పిస్టన్ల తలలును, వాల్వులును, పేరుకొన్న మసియు చెట్టుక్రింద పనిచేయు మెకానిక్కునకు సైతము కన్నులయెదుట నుండెడివి. క్రాంకు బేరింగులు, కరగించి పోయవలసిన తెల్లలోహము గాక, మార్చుకొనదగిన చిప్పలు. ఇక సిలిండరు అరిగినచో దిమ్మను పారవేయ నక్కరలేదు. వ్యాసము అంగుళములో పది వేయవవంతులు పెరుగునట్లు గోడను కోసి, అంతే పెద్దదైన పిస్టను వేయవచ్చును. పది, ఇరువది, ముప్పది, నలుబది: ఇవి మన షాపులలో నేటికిని వినవచ్చు 'సైజులు'. పది సైజనగా రెండుమూడు కాగితముల మందము. ఆ నాలుగు మెట్లును దిగిన పిమ్మట స్లీవు అను గొట్టమును దింపి మరల స్టాండర్డునకు రావలసినదే.

యుద్ధము ముగియునప్పటికి విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను చేసియుండెను. బర్మా రంగమునకు సరఫరాస్థానములైన అస్సాము, వంగదేశములలో అమెరికా సైన్యము విడిచిపోయిన సామగ్రి 1946 నాటి ఒప్పందమువలన భారత ప్రభుత్వపరమై, డిస్పోజల్సు పేరిట వేలమునకు వచ్చెను. అమెరికా విమానస్థావరముండిన పానాగఢ్ తరువాత పాత సైనికవాహనముల సంతగ పేరుపడినది. గుత్తేదార్లు, జమీందార్లు, అడవి కంట్రాక్టర్లు ఆ బండ్లను కొనిరి. కొనినవారు ఇంజను లోపల నేమున్నదో చూచి కొనినది అరుదు.

చూడక కొనుటలో ప్రభుత్వము ప్రజలకు తీసిపోలేదు. 1948లో, కాశ్మీర యుద్ధకాలమున, లండనులోని మన హైకమిషనరు వి. కె. కృష్ణమీనన్ మరమ్మతు చేయబడిన పాత జీపులకై ఒక విదేశీ సంస్థతో 80 లక్షల రూపాయల ఒప్పందము చేసికొనిరి. సొమ్ములో అధికభాగము ముందే చెల్లింపబడినది. వచ్చినవి 155 బండ్లు. అవియును వాడుకకు పనికిరావని సైన్యము త్రోసిపుచ్చెను. విచారణసంఘమునకు అధ్యక్షత వహించినవారు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1955 సెప్టెంబరు 30న ప్రభుత్వము ఆ వ్యవహారము ముగిసినదని ప్రకటించెను. స్వతంత్రభారతపు తొలి కుంభకోణముగ దీనిని చరిత్రకారులు గణింతురు. దానిలోని రాజకీయములు వారికే విడిచెదను. లేత్ షాపువాని కన్నుతో చూచినచో మాత్రము ఇది అతిసామాన్యమైన మోసము: హెడ్డు విప్పి బోరు కొలవకముందే బయానా ఇచ్చుట.

ఇంతలో, 1945లో లూధియానాయందు ఉక్కువర్తకముతో ఆరంభమైన మహీంద్రా సంస్థ, బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపులను విడిభాగములనుండి బిగించుటకు పూనుకొనెను. అటుపిమ్మట వచ్చిన, ఎత్తైన బానెట్టు గల సీజే-3బీ నమూనాలో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డునకు ఎక్కినవి గాని, బోరు, స్ట్రోకు అవే నిలిచినవి. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజాభివృద్ధి పథకము, 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూ ప్రారంభించిన పంచాయతీరాజ్యము, ఈ రెండును జీపును మన పల్లెలకు తెచ్చినవి. బీడీవో గారి జీపు, సమితి ప్రెసిడెంటు గారి జీపు ఎవరికి ఏ పూట చెందవలెనన్నది ఆనాటి గ్రామరాజకీయములలో చిన్న విషయము కాదు! ఏండ్లు గడచి 'కండెమ్' చేయబడిన ఆ బండ్లు వేలములో చిన్నపాటి రైతులకు, ఏజెన్సీలో ప్రయాణికులను చేరవేయువారికి దక్కెను. వారికి క్రొత్త ఇంజను కొనుస్తోమత లేదు. 1956-57 నాటి విదేశమారకపు కఱవుతో దిగుమతులు బిగిసిపోయినందున, స్తోమత కలవారికిని విదేశపు భాగములు దుర్లభములే. 1949లో మద్రాసు సెంబియములో నెలకొన్న ఇండియా పిస్టన్స్ వంటి స్వదేశీ కర్మాగారములు లేకున్నచో ఈ కథ అక్కడనే ఆగెడిది.

ఇట్లు పెరిగినది బోరింగు షాపు. 1960లలో వెలసిన బెజవాడ ఆటోనగరు మొదలు జిల్లా కేంద్రముల బస్టాండు వెనుక సందులవరకు, దిమ్మను బల్లమీద బిగించి బోరింగు బారు దింపుచు, కోత సమముగ వచ్చుచున్నదా యని వ్రేలితో తడవి చూచు పనివారు కానవచ్చిరి. ఇక్కడ పొదుపు రెండు విధములు. మొదటిది బోరు చేయించకుండ పిస్టను రింగులు మాత్రము మార్చుట. పైరింగు తిరుగుచోటనే గోడ అధికముగ అరుగును. అంతకు పైన రింగు తాకని అంచు గట్టువలె మిగులును. ఆ గట్టును రీమరుతో తీయక క్రొత్త రింగు వేసినచో, మొదటి దినముననే అది గట్టునకు తగిలి విరుగవచ్చును. అట్టి పనితో కొలదినెలలకే నీలిపొగ మరల వచ్చును. నూనె ఖర్చు, రెండవమారు కూలి కలుపుకొన్నచో అది బోరింగు ఖర్చునకు మించును. దీనిని నేను పొదుపని అనజాలను.

రెండవది అసలైన పొదుపు. అది చేతిపనిలో ఉన్నది. ముసలి మెకానిక్కు క్రొత్త రింగును ఊరక పిస్టనునకు తొడుగడు. దానిని సిలిండరులో ఉంచి, పిస్టనును తలక్రిందుగ పట్టి రింగును సమముగ లోనికి నెట్టి, దాని రెండు కొనల నడిమి సందులో ఫీలర్ గేజి రేకును దూర్చి చూచును. సందు సుమారు పది వేయవవంతులుండవలెను. తక్కువైనచో ఆకురాయితో కొనను సుతారముగ రాయును. వాల్వుల విషయమున ఆతని ఉపకరణము అంతకంటె చవుక. గ్రైండింగు పేస్టుతో వాల్వును సీటుమీద రుద్దిన తరువాత, దాని అంచుమీద సీసపుపెన్సిలుతో అడ్డుగీతలు గీసి, స్వస్థానమున ఉంచి కొంచెము త్రిప్పి పైకి తీయును. ప్రతి గీతయు నడుమ తెగియున్నచో వాల్వు కూర్చున్నట్లు. ఒక గీత తెగకున్నను మరల రుద్దవలసినదే. ఈ పరీక్షకు పెన్సిలు ముక్క తప్ప వేఱు వ్యయము లేదు.

1973 తరువాత పెరిగిన పెట్రోలు ధర ఈ విద్యకు పరోక్షశత్రువైనది. బాగుగనున్న పెట్రోలు ఇంజనును దింపి, ట్రాక్టరుదో, మెటడారుదో డీజిలు ఇంజనును ఎక్కించుట వాడుకయైనది. 1980లలో మహీంద్రాయే పెజో డీజిలు ఇంజనుతో జీపులను విరివిగ విడుదలచేసెను. మైలుకు అయ్యెడి ఖర్చు లెక్కించినచో యజమానుల నిర్ణయము సరియైనదే. కాని దింపబడిన దిమ్మలు, ఇంకను ఒకటి రెండు సైజుల ఇనుము మిగిలియుండగనే, తూకమునకు అమ్ముడుపోయినవి.

నేడు పాతజీపులను పూర్వరూపమునకు తెచ్చుకొనువారు అట్టి దిమ్మలకై ఊరూర వెదకుచున్నారు. గొడ్లసావిడిలోనో, షెడ్డు మూలనో మీ పెద్దలనాటి జీపు ఇంజను పడియున్నచో, పాతసామానుల వానికి వేయుటకు ముందు హెడ్డు విప్పించి బోరు కొలిపింపుడు. కొలత 3.165 అంగుళములు దాటకున్నచో దానియందు ఇంకను ఆయుర్దాయమున్నది. దాటినను పగుళ్లు లేనిచో స్లీవు వేయుదురు.