నూలు మిల్లులో పుట్టిన జట్టు

జపాన్‌లో ఒసాకా నగరానికి దక్షిణాన కైజుకా అనే ఊరుంది. అక్కడి నూలు మిల్లులో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు హాస్టళ్లలో ఉంటూ పనిచేసేవారు. అలాంటి పిల్లల ఆటవిడుపు కోసం ఆ దేశంలోని బట్టల మిల్లులు చాలావరకు వాలీబాల్‌ను పెంచి పోషించాయి. 1954లో నిచిబో కంపెనీ తన మిల్లుల్లోని మెరుగైన క్రీడాకారిణులను కైజుకాలో ఒకచోట చేర్చి జట్టు కట్టింది. ప్రపంచ మహిళా వాలీబాల్‌ను మలుపు తిప్పిన నిచిబో కైజుకా జట్టు అదే.

కోచ్ హిరోబుమి దైమత్సు కూడా ఆ కంపెనీ ఉద్యోగే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంఫాల్ మీదికి వచ్చి చితికిపోయిన జపాన్ సైన్యంలోంచి ప్రాణాలతో తిరిగి వెళ్లినవాడు. పగలు మిల్లు పని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సాధన, ఇదీ అతను పెట్టిన క్రమం. అప్పటిదాకా జపాన్‌లో జట్టుకు తొమ్మిదిమంది ఆడేవారు. అంతర్జాతీయ పోటీల్లో ఆరుగురే. తక్కువమందితో కోర్టు మొత్తం కాయాలంటే ఎలా? దైమత్సు దొర్లుడు నేర్పాడు. అందని బంతి కోసం పక్కకు దూకాలి, అది నేలను తాకేలోగా చేత్తో పైకి లేపాలి, అదే ఊపులో భుజం మీదుగా దొర్లి తంజావూరు బొమ్మలా లేచి నిలబడాలి. మరుసటి బంతికి సిద్ధంగా ఉండాలి. చెక్క నేల మీద రాత్రికి కొన్ని వందలసార్లు ఇలా దొర్లిన ఒళ్లు ఎంత కమిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1961లో ఐరోపా పర్యటనలో ఈ జట్టు వరసగా గెలుస్తూ పోయింది. ‘తూర్పు మంత్రగత్తెలు’ అన్న పేరు అప్పుడు వచ్చిందే. మరుసటి ఏడాది మాస్కోలో సోవియట్ జట్టును వాళ్ల గడ్డ మీదే ఓడించి జపాన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. జట్టులో చాలామంది ఇక ఆట మానేసి పెళ్లి చేసుకుందామనుకున్నారు. కానీ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్‌ను తొలిసారి చేర్చారు. ఒలింపిక్స్‌లో మహిళలు ఆడిన మొదటి జట్టు క్రీడ కూడా అదే. దాంతో కెప్టెన్ మసాయె కసాయ్, ఆమె తోటివాళ్లు పెళ్లి ఆలోచన వాయిదా వేసి ఆటలోనే కొనసాగారు. దేశ జట్టులోని 12 మందిలో 10 మంది నిచిబో వాళ్లే. అక్టోబర్ 23న ఫైనల్లో సోవియట్‌ను 3-0తో ఓడించారు. ఆ మ్యాచ్ టీవీ రేటింగ్ 66.8 శాతం.

ఈ గెలుపు ఘనతంతా దైమత్సుకే కట్టబెట్టిన రాతలు లెక్కలేనన్ని. నాకది న్యాయంగా తోచదు. అంత కఠినమైన శిక్షణను తట్టుకున్నవాళ్లూ, పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లూ ఆ అమ్మాయిలే. 1965లో దైమత్సు తప్పుకున్నాక కూడా వాళ్ల జట్టు గెలుస్తూనే వచ్చింది. 1966లో యాషికా జట్టు చేతిలో ఓడేసరికి వరస విజయాల లెక్క 258కి చేరింది.

ఆ తర్వాత జట్టు కథ కంపెనీల కథతో ముడిపడిపోయింది. 1969లో నిచిబో, నిప్పన్ రేయాన్‌తో కలిసి యూనిటికా అయింది. జట్టు పేరూ మారింది. బట్టల పరిశ్రమ చిక్కిపోయేకొద్దీ జట్టును పోషించడం భారమైంది. చివరికి 2000లో యూనిటికా వదులుకున్న జట్టును టోరే సంస్థ తీసుకుంది. కైజుకా నుంచి మకాం షిగా ప్రాంతంలోని ఒత్సుకు మారింది. ‘టోరే ఆరోస్’ అన్నది కొత్త పేరు.

పేరు మారినా సత్తా తగ్గలేదు. 2008 నుంచి 2010 దాకా వరసగా మూడుసార్లు, 2012లో మరోసారి జపాన్ లీగ్ గెలిచింది. ఎరికా అరాకి, సవోరి కిమురా లాంటి క్రీడాకారిణులు ఆ జట్టులోంచి వచ్చినవాళ్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు కంచు పతకం తెచ్చిన జట్టులో వాళ్లిద్దరూ ఉన్నారు. ఆ ఏడాదే కిమురా టర్కీలోని వకీఫ్‌బ్యాంక్‌కు ఆడటానికి వెళ్లి, 2013లో ఐరోపా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. మిల్లు షిఫ్టు ముగించుకుని కోర్టుకొచ్చిన కసాయ్ తరానికి అలా ఆటే బతుకుతెరువుగా విదేశాలకు వెళ్లే దారి లేదు. 2024లో జపాన్ తన అగ్రశ్రేణి పోటీలను ప్రొఫెషనల్ బాటలో నడిపించాలని ఎస్.వి. లీగ్‌ను మొదలుపెట్టింది. అందులో టోరే ఆరోస్ షిగా కూడా ఆడుతోంది.