హిందూ మహాసముద్రంలో ఉష్ణమండల ప్రవాహాలు: కొలత, అవగాహన

ఉష్ణమండల సముద్ర ప్రవాహాలు ప్రధానంగా గాలి తోపు వల్ల, నీటి వేడిమి, ఉప్పదనాల్లో తేడాల వల్ల కదులుతాయి. పసిఫిక్, అట్లాంటిక్‌లలో వ్యాపార పవనాలు ఏడాది పొడవునా దాదాపు ఒకే దిక్కున వీస్తాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో మాత్రం రుతుపవనాలతో పాటు ప్రవాహాలూ దిశ మార్చుకుంటాయి.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ భారత తూర్పు తీర ప్రవాహం. ఇది ఫిబ్రవరి నుంచి మే దాకా ఆంధ్ర తీరం వెంట ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. దక్షిణానికి పోయేటప్పుడు గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని తీసుకొస్తుంది. విశాఖ దగ్గరి గాలిని మాత్రమే చూసి దీన్ని వివరించబోతే లెక్క కుదరదు. భూమధ్యరేఖ మీది గాలులు పుట్టించే కెల్విన్ తరంగాలు తూర్పుకు సాగి సుమత్రా తీరాన్ని తాకుతాయి. వాటిలో కొంత శక్తి బంగాళాఖాతం అంచు వెంట చుట్టి మన తీరానికి చేరుతుంది. కాబట్టి విశాఖ ప్రవాహం అర్థం కావాలంటే భూమధ్యరేఖ దగ్గరా కొలవాల్సిందే.

అక్కడ ఏటా రెండుసార్లు, రుతుపవనాల నడుమ, పడమటి గాలులకు తూర్పు దిశగా దూసుకుపోయే ప్రవాహాన్ని 1973లో సముద్ర శాస్త్రవేత్త క్లౌస్ విర్ట్‌కీ వర్ణించారు. దానికి ఆయన పేరే స్థిరపడింది.

పాతకాలంలో ఓడ చేరాల్సిన చోటికీ, నిజంగా చేరిన చోటికీ ఉన్న తేడాను బట్టి ప్రవాహాన్ని అంచనా వేసేవారు. ఇప్పుడు ఉపగ్రహాలు సముద్ర మట్టం ఎత్తును కొలుస్తాయి. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2013లో ప్రయోగించిన సరళ్ అలాంటిదే. నీటి మట్టం వాలును భూభ్రమణ ప్రభావంతో కలిపి లెక్కిస్తే ప్రవాహ వేగం తెలుస్తుంది. భూమధ్యరేఖ మీద ఆ ప్రభావం సున్నా అయి, ఈ మామూలు లెక్క పనిచేయదు. సరిగ్గా అత్యంత కీలకమైన చోటే నీటిలో దిగి కొలవక తప్పదన్నమాట. 2004లో మొదలైన రామా అనే కొలతల వ్యవస్థ హిందూ మహాసముద్రంలో లంగరు వేసిన బోయ్‌లను అందుకే నిలుపుతోంది. వాటిలో కొన్నింటికి ఉండే డాప్లర్ పరికరాలు ధ్వనిని పంపి, నీటితో పాటు కదిలే సూక్ష్మ ప్రాణుల నుంచి వచ్చే ప్రతిధ్వనిని బట్టి వేర్వేరు లోతుల్లో వేగాన్ని చెబుతాయి. ఆర్గో అనే తేలే పరికరాలు 2,000 మీటర్ల లోతు దాకా వేడిమి, ఉప్పదనం నమోదు చేస్తాయి.

తీరం లేని ఢిల్లీకి ఇది దూరపు విషయమనుకోవడం పొరపాటు. 2006లో ఏర్పడిన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కార్యాలయం లోధీ రోడ్డులోని పృథ్వీ భవన్‌లో ఉంది. నోయిడాలోని జాతీయ మధ్యశ్రేణి వాతావరణ అంచనా కేంద్రం సముద్రాన్నీ గాలినీ కలిపి లెక్కించే నమూనాలను నడుపుతుంది. ఐఐటీ ఢిల్లీ శాస్త్రవేత్తలు 1977 నవంబరు దివిసీమ ఉప్పెనను గణిత సమీకరణాలతో పునఃసృష్టించారు. తుపాను ఉప్పెన అంచనాలకు వారి నమూనాలు ఉపయోగపడ్డాయి.

ప్రవాహాల అంచనాలను రోజువారీ అవసరాలకు అందించేది 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇన్‌కాయిస్. సముద్రంలో గల్లంతైన పడవ, మనిషి ఎటు కొట్టుకుపోయి ఉంటారో, ఎక్కడ వెతకాలో చెప్పే సారాట్ అనే సాధనం కూడా ఆ సంస్థదే.