డ్యూటీ బండి: అచ్చంపేటలో ఒక రాజ్‌దూత్ చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను చేసిన ఉద్యోగం గురించి కాక, ఆ ఉద్యోగాన్ని మోసిన ఒక మోటారు సైకిలు గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "బండి గురించైనా సరే, అందులో చరిత్ర ఉండాలి" అన్నారు. చరిత్ర ఉంది. కొంచెం ఆలస్యమైతే అది పాత ఇనుము కింద తూకానికి పోయేది.

ఆ బండి 1978లో కొన్న రాజ్‌దూత్ 175. పశుసంవర్ధక శాఖలో నాకంటే ఆరేళ్లు ముందు చేరిన ఒక సహోద్యోగిది. ఇంటివాళ్ల కోరిక మేరకు ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చంపేటలోనూ, పైన అమ్రాబాదు పీఠభూమి మీదా ఆయన్ని అందరూ 'గొడ్ల డాక్టరు' అనే పిలిచేవారు. నిజానికి ఆయన కాంపౌండరు. నేను 'అన్నా' అనేవాణ్ణి. ఆయన 2001లో రిటైరయ్యారు, 2011లో కాలం చేశారు. ఆయన రిటైరైన ఏడాదే బండి కూడా మూలకు చేరింది.

2022 ఆగస్టులో ఒక పెళ్లికి అచ్చంపేట వెళ్లి, వదినెను పలకరించి వద్దామని వాళ్లింటికి పోయాను. పెరట్లో గొడ్ల కొట్టం విప్పుతున్నారు. చొప్ప కట్టల వెనకనుంచి బండిని అప్పుడే బయటికి లాగారు. టైర్లు పగుళ్లిచ్చాయి. సీటులో ఎలుకలు గూడు పెట్టాయి. ట్యాంకు మూత తుప్పుతో బిగుసుకుపోయింది. పాత సామాన్ల వ్యాపారి కిలో లెక్కన బేరం చేస్తున్నాడు.

"నడవని బండికి జాగ ఎందుకు తమ్మీ? పోరగాండ్లు ఈడ రూము కడ్తమంటున్నరు" అంది వదినె. ఆమె మాటలో తప్పేమీ లేదు.

"నడిస్తే ఉంచుతవా వదినె?" అని అడిగాను.

ఆమె కాసేపు బండివైపు చూసి, "నడిస్తే ఉంచుత. దసరా దాక చూస్త. అప్పటికీ నడవకుంటె మాత్రం పంపుడే" అంది. చేతిలో సుమారు రెండు నెలల గడువు. నాకు డెబ్బయి రెండేళ్లు.

పోలెండు నుంచి పల్లెకు

మరమ్మతు సంగతి చెప్పేముందు ఈ బండి పుట్టుక చెప్పాలి. 1944లో లాహోరులో మొదలైన ఎస్కార్ట్స్ సంస్థ, దేశ విభజన తర్వాత ఢిల్లీకి తరలివచ్చింది. అది పోలెండు దేశపు కియెల్త్సె పట్టణంలో తయారయ్యే ఎస్.హెచ్.ఎల్. ఎం11 అనే బండి నమూనాను తీసుకుని 1960ల మొదట్లో రాజ్‌దూత్ తయారీ ప్రారంభించింది. ఆ రోజుల్లో విదేశీ బండ్ల దిగుమతికి తలుపులు దాదాపు మూసివున్నాయి. దేశంలో ఏ కర్మాగారం ఎన్ని బండ్లు చేయాలన్నదానికి కూడా లైసెన్సు ఉండేది. కాబట్టి పోలెండులో ఆ నమూనాకు కాలం చెల్లిన తర్వాత కూడా మన దేశంలో రాజ్‌దూత్ దశాబ్దాలపాటు నడిచింది.

మద్రాసు తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్టు సైన్యానికీ పోలీసులకూ పేరుపడింది. మైసూరు నుంచి 1961లో మొదలైన జావా కుర్రకారుకు మోజు. రాజ్‌దూత్ పాలవాళ్లదీ, రైతులదీ, చిన్న ఉద్యోగులదీ. 1973లో 'బాబీ' సినిమాలో అదే కంపెనీ చేసిన చిన్న జీ.టీ.ఎస్. బండి కనపడి కుర్రవాళ్ల నోళ్లలో నానింది కానీ, మా 175కు ఆ భాగ్యం పట్టలేదు. ఈనాడు పాత జావాకు, పాత బుల్లెట్టుకు పోటీపడి ధర పెట్టేవారున్నారు. మా రాజ్‌దూత్‌ను అడిగినవాడు పాత ఇనుము వ్యాపారి ఒక్కడే.

దాని ఇంజను 173 సీసీ, రెండు స్ట్రోకులది. ఇందులో వాల్వులు ఉండవు, ఇంజనుకు విడిగా నూనె పోసే పని లేదు. పెట్రోలులోనే నూనె కలపాలి. మేము లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున కలిపేవాళ్లం. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే చెట్టు కింద కూర్చుని విప్పి బిగించవచ్చు. మెకానిక్కు దొరకని ఊళ్లలో తిరిగే ఉద్యోగికి అంతకంటే ఏం కావాలి?

అందులో ఒక చిక్కు కూడా ఉంది. నూనె పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి, పొడుగాటి దిగుడులో ఆక్సిలేటరు మూసేసి గేరులోనే దిగితే ఇంజను వేగంగా తిరుగుతూ ఉంటుంది గాని నూనె చాలదు. పిస్టను పట్టేస్తుంది. దోమలపెంట దాటి కృష్ణవైపు ఘాటు దిగేటప్పుడు అన్న మధ్యమధ్య ఆక్సిలేటరు ఒకసారి తిప్పి వదిలేవారు. "దిగేటప్పుడు దీనికి దూప ఎక్కువ" అనేవారు. వెనక కూర్చున్న నాకు ఆ పాఠం అట్లా వంటబట్టింది.

ఐసు కరిగేలోగా

1959 అక్టోబరులో నెహ్రూగారు మన మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీ రాజ్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత సమితులు ఏర్పడ్డాయి. సమితికి జీపు ఉండేది కానీ అది పెద్ద అధికారుల కోసం. మావంటివాళ్లకు సైకిలో, బస్సో, కాలినడకో. అన్న కూడా మొదటి పదేళ్లు సైకిలు మీదనే తిరిగారు. 1978లో ప్రభుత్వ అడ్వాన్సు తీసుకుని ఈ బండి కొన్నారు. అడ్వాన్సు తీరేదాకా ప్రతినెలా జీతంలో కోత పడింది.

ఎందుకంత తిప్పలు పడి కొన్నారంటే రిండర్‌పెస్టు కోసం. పశువుల ప్లేగు అనదగిన ఆ రోగం వస్తే ఎద్దుకు తీవ్రమైన జ్వరం, నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు. వారం పది రోజుల్లో కొట్టం ఖాళీ అయ్యేది. అమ్రాబాదు ప్రాంతం పశుసంపదకు పెట్టింది పేరు. మచ్చల ఒంటి పొడ తూర్పు ఎడ్లు ఇక్కడివే. జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో వాటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది కూడా. నల్లమల మేతకు తోలుకొచ్చిన మందలు ఒకచోట చేరినప్పుడు రోగం ఒక మందనుంచి మరో మందకు అంటుకునేది.

దీనికి టీకా ఉంది. ఒక్కసారి వేస్తే పశువుకు జీవితాంతం రక్ష. కానీ ఆ టీకాను చల్లగా ఉంచాలి. పొడి మందును ద్రావకంలో కలిపిన తర్వాత ఐసు మీద పెట్టి, కొద్దిసేపట్లోనే వాడేయాలి. ఎండకు పెడితే అది నీళ్లతో సమానం. సైకిలు మీద పోతే ఊరు చేరేలోగా ఐసు కరిగిపోయేది. పశువులు మేతకు పోకముందే, అంటే తెల్లవారకముందే ఊళ్లో ఉండాలి. అందుకే అన్న అప్పుచేసి బండి కొన్నారు. వెనక క్యారియరు మీద ఐసు ఫ్లాస్కు కదలకుండా పట్టడానికి అచ్చంపేటలోనే ఒక కమ్మరి చేత ఇనుప చట్రం చేయించారు. బల్మూరు, లింగాల, ఉప్పునుంతల, పదర ఊళ్లకు ఆ చట్రంలోనే టీకా పోయింది. రాజ్‌దూత్ అంటే రాజు పంపిన దూత. సర్కారు పంపిన దూతగా ఆ ఊళ్లకు ముందు చేరింది ఈ బండే.

జాతీయ స్థాయిలో 1954లో మొదలైన ఈ పోరాటం 1992 నుంచి కొత్త పథకంతో ఊపందుకుంది. మన దేశంలో ఈ రోగం చివరిసారి 1995లో కనపడింది. తర్వాత మా పని మారింది. రోగం నిజంగా పోయిందో లేదో ఊరూరా తిరిగి వెతకాలి, ఏ పశువుకైనా ఆ లక్షణాలున్నాయా అని ఇంటింటా అడగాలి. "లేని రోగాన్ని దేవులాడుడు మన డ్యూటీ అయింది" అని అన్న నవ్వేవారు. కానీ ఒక్క ఊరు కూడా వదలలేదు. 2006లో భారతదేశం ఈ రోగం నుంచి విముక్తమైందని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా రిండర్‌పెస్టు అంతరించిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇదే. ఆ వార్త వచ్చేనాటికి అన్న పోయి మూడు నెలలయింది.

అప్పటికి బండి కాలం కూడా మారింది. 1985లో హీరో హోండా వంటి నాలుగు స్ట్రోకుల వంద సీసీ బండ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోతూ వచ్చాయి. 1991, 1996, 2000 సంవత్సరాల్లో వరుసగా పొగ నిబంధనలు బిగిశాయి. రాజ్‌దూత్ నీలి పొగ వదిలేదన్నది నిజమే. దాన్ని నేను సమర్థించను. దాని రోజులు తీరాయి, పోవలసిందే పోయింది. దాంతోపాటు అది చేసిన పని కూడా మరుగునపడడమే అన్యాయం.

రెండు నెలల మరమ్మతు

బండి చూడగానే కిక్కు కొట్టాలని చేయి, కాలు గుంజుతాయి. అట్లా చేయకూడదు. ఇరవై ఏళ్లు నిలిచిన సిలిండరులో తుప్పు ఉంటే కిక్కు కొట్టగానే గీతలు పడతాయి. ముందుగా ప్లగ్గు విప్పి, ఆ కంతలో నూనె పోసి వారం రోజులు వదిలేశాం. ఎనిమిదో రోజున కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కితే పిస్టను కదిలింది. పని చేసిపెట్టినవాడు బస్టాండు దగ్గరి ముసలి మెకానిక్కు. "దిల్ గట్టిదే సార్" అన్నాడు.

ట్యాంకులో కిరోసిను, గుప్పెడు చిన్న నట్లు పోసి ఊపి ఊపి తుప్పు రాల్చాం. కార్బొరేటరు సన్న రంధ్రాల్లో గడ్డకట్టిన పాత పెట్రోలును కడిగాం. పాయింట్లను సన్న ఎమరీ కాగితంతో రుద్ది, కండెన్సరు మార్చాం. సైలెన్సరు లోపలి మసి కాల్చి దులిపాం. ఇన్ని చేసినా బండి ఒక్క నిమిషం పలికి, గొంతు పెంచుకుని, ఆగిపోయేది. నాలుగు రోజులు అదే వరస. దసరా ఇంకా పన్నెండు రోజులే.

తప్పు ఆయిలు సీళ్లలో దొరికింది. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు ఉండే గదిలోనే పెట్రోలు గాలి కలిసి, అక్కడినుంచి పైకి పోవాలి. ఆ గదికి ఇరువైపులా ఉండే రబ్బరు సీళ్లు ఎండిపోతే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. పెట్రోలు పాలు, దాంతోపాటు నూనె పాలు తగ్గి, ఇంజను కాగిపోతుంది. కొత్త సీళ్ల కోసం హైదరాబాదు పోయి పుత్లీబౌలిలో, తర్వాత సికిందరాబాదు రాణీగంజులో దుకాణం దుకాణం తిరిగాను. చివరికి ఒకచోట దుమ్ముపట్టిన డబ్బాలో రెండు దొరికాయి. రిటైరైన తర్వాత అంత సంతోషంగా బస్సెక్కిన రోజు నాకు లేదు.

పెట్రోలు గొట్టం కూడా మార్చాం. పెట్రోలులో ఇథనాలు 2022 జూన్ నాటికే 10 శాతానికి చేరింది, 2025లో 20 శాతమైంది. పాత రబ్బరుకు అది పడదు. పైగా నీటిని పీలుస్తుంది. పాత బండి ఉన్నవారు ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి.

ఒక విషయంలో మాత్రం మెకానిక్కుకూ నాకూ మాట తేడా వచ్చింది. వెనక ఉన్న ఇనుప చట్రం కోసేస్తే బండి కంపెనీనుంచి వచ్చినట్టు ఉంటుందన్నాడు. పాత బండ్లు చూసి కొనేవాడి లెక్కలో అతని మాట నిజం. కానీ ఆ బండి ఏం చేసిందో చెప్పేది ఆ చట్రమొక్కటే. అది తీస్తే మిగిలేది లక్షల రాజ్‌దూత్‌లలో ఒకటి. చట్రాన్ని ముట్టుకోనివ్వలేదు.

పండుగ ముందు

సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున బండి అందుకుంది. మూడో కిక్కుకు నీలి పొగతో, గుడగుడమని మొదలై, ఈసారి ఆగలేదు. వంటింట్లో ఉన్న వదినె పిండి చేతులతోనే గడపలోకి వచ్చింది. ఏమీ అనలేదు. కొంతసేపైన తర్వాత, "తెల్లారగట్ల గీ సప్పుడు ఇని లేస్తుంటి. సప్పుడు వాగు దాటెదాక పండుకోకపోతుంటి" అంది. రూము సంగతి కొడుకు ఎత్తబోతే, "అటు జరిపి కట్టుండ్రి" అని ఒక్కమాటతో తేల్చేసింది.

బండిని మేము రోడ్డెక్కించలేదు. పెరట్లోనే నడుపుతున్నాం. చట్టం ప్రకారం సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. దీనికి అది ఎప్పుడో ముగిసింది. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. మన బండికి 2028లో 50 నిండుతాయి. అప్పటిదాకా ఉంటే నేనే కాగితాలు పట్టుకుని తిరుగుతాను. లేకపోతే ఆ పని చేయవలసినవారికి ఇప్పుడే చెప్పి పెట్టాను.

మన సభ్యులకు ఒక మనవి. మలేరియా పనిచేసినవారు, వ్యవసాయ శాఖవారు, టపా మోసినవారు, కరెంటు స్తంభాలెక్కినవారు మనలో ఎందరో ఉన్నారు. మీ ఇంటి వెనక ఒక సైకిలో, మోటారు సైకిలో, టీకా పెట్టెయో, కొలత గొలుసో ఉండే ఉంటుంది. తూకానికి వేసేముందు దాన్ని ఒకసారి బయటికి తీసి, దాంతో ఏ ఊరికి ఏం మోసుకుపోయారో ఒక కాగితం మీద రాసి, దానికి కట్టండి. మన సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంట్లు, సెలవులు రాశారు గానీ, ఐసు కరిగేలోగా ఊరు చేరిన సంగతి ఎవరూ రాయలేదు. అది మనమే రాయాలి.