ఓవర్‌క్లాకింగ్: మయూర్ విహార్ ఎండల్లో ప్రాసెసర్ వేగం, వోల్టేజీ, వేడి

కంప్యూటర్ ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెంచడానికి బయోస్‌లో ఒక అంకె మారిస్తే చాలు. ఆ వేగానికి సరిపడా వోల్టేజీ ఇవ్వడం, ఆ వోల్టేజీ పుట్టించే వేడిని గదిలోకి, గది నుంచి బయటికి పంపడం అసలు పని. యమునకు తూర్పు గట్టున ఉన్న ఢిల్లీ మయూర్ విహార్‌లో ఈ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నగరానికి ప్రమాణంగా తీసుకునే సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 2021 జనవరి 1న 1.1 డిగ్రీల కనిష్ఠం నమోదైంది, 2024 మే 29న 46.8 డిగ్రీల గరిష్ఠం నమోదైంది. చలికాలంలో కుదిరిన వేగం మే నెలలో కుదరకపోవడానికి కారణం ఈ తేడాయే.

ప్రాసెసర్ వేగం రెండు అంకెల లబ్ధం. మదర్‌బోర్డు ఇచ్చే బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని ప్రాసెసర్‌లోని మల్టిప్లయర్ 46తో హెచ్చిస్తే 4.6 గిగాహెర్ట్జ్. పూర్వం మల్టిప్లయర్‌కు తాళం ఉండేది, కాబట్టి అప్పట్లో బేస్ క్లాక్ స్థానంలో ఉన్న బస్ వేగాన్నే పెంచేవాళ్ళు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ అలాగే పేరు తెచ్చుకుంది. 66 మెగాహెర్ట్జ్ బస్‌ను 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 దగ్గర నడిచేది. 2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్‌ల పైభాగంలో తెగి ఉన్న ఎల్1 లంకెలను మామూలు పెన్సిల్‌తో గీసి కలిపేవాళ్ళు. గ్రాఫైట్ విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి ఆ గీతతోనే తాళం ఊడేది. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ వచ్చాక బేస్ క్లాక్‌ను కొద్ది శాతం మించి కదిపే వీలు లేకుండా పోయింది. పేరు చివర కే అక్షరం ఉన్న ప్రాసెసర్‌కు మాత్రం మల్టిప్లయర్ తెరిచి ఉంటుంది, దానికి తోడు జెడ్ తరగతి మదర్‌బోర్డు కావాలి. ఏఎండీ రైజెన్‌లలో దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి, అయితే ఏ తరగతి చవక బోర్డుల మీద ఆ వీలు దొరకదు.

వోల్టేజీ

4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కు నిడివి నానోసెకనులో పావు వంతు. ఆ కాస్త సేపట్లో కాంతి అయినా బెత్తెడు దూరమే పోగలదు. ప్రతి టిక్కులోనూ ట్రాన్సిస్టర్ల వరుస ఒకటి తన పని ముగించి ఫలితాన్ని తర్వాతి వరుసకు అందించాలి. టిక్కు చిన్నదైతే ట్రాన్సిస్టర్ త్వరగా మారాలి, త్వరగా మారాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అది చాలకపోతే లెక్క తప్పుతుంది. అప్పుడు నీలి తెర వస్తుంది, లేదా మిషన్ బిగుసుకుపోతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఏమీ కాకుండా ఫైలులో ఒక తప్పు అంకె చేరిపోవడం. దాన్ని నెలల తరువాత గానీ గుర్తించలేం.

వోల్టేజీకి చెల్లించే మూల్యం వేడి. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు వేగంతో పాటు నేరుగా, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.0 గిగాహెర్ట్జ్‌లో 90 వాట్లు తాగే ప్రాసెసర్‌ను 1.35 వోల్టులిచ్చి 4.6కి తీసుకెళ్ళామనుకుందాం. వేగం పెరిగింది 15 శాతం. విద్యుత్తు మాత్రం 45 శాతానికి పైగా పెరిగి 131 వాట్లకు చేరుతుంది. దీనికి లీకేజీని కలపలేదు. చిప్ వేడెక్కినకొద్దీ ఊరికే కారిపోయే కరెంటు పెరుగుతుంది, అది మళ్ళీ వేడి పుట్టిస్తుంది. ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ తమ అంకెలతో ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి.

గది

హీట్‌సింక్, ఫ్యాను కలిసి ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా ఉంచలేవు. గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను ఒక హద్దులో ఉంచగలవు, అంతే. పై ఉదాహరణలో వాటుకు 0.35 డిగ్రీల చొప్పున వేడెక్కే కూలర్ ఉంటే 131 వాట్లకు తేడా 46 డిగ్రీలు. జనవరిలో 15 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 61 దగ్గర నిలుస్తుంది. మే నెలలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో అదే ప్రాసెసర్ 84కు చేరుతుంది. క్యాబినెట్ లోపలి గాలి గది గాలి కన్నా మరో అయిదారు డిగ్రీలు ఎక్కువుంటే 90 అవుతుంది. మయూర్ విహార్‌లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కట్టిన ఫ్లాట్లలో పై అంతస్తు వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. పగలంతా కాగిన కాంక్రీటు కప్పు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది. ఆటలాడటానికి కూర్చునేది ఎక్కువగా ఆ వేళల్లోనే.

తెలుగువాళ్ళు ఎండను ఉక్కపోతతో కొలుస్తారు. విశాఖలో 34 డిగ్రీలు మనిషిని సొమ్మసిల్లజేస్తాయి, ఎందుకంటే చెమట ఆరదు. ప్రాసెసర్‌కు చెమట పట్టదు. దానికి గాలి ఉష్ణోగ్రతే లెక్క, తేమ కాదు. అందుకని విశాఖ ఉక్కపోతలో హాయిగా నడిచే మిషన్ ఢిల్లీ పొడి వడగాలిలో, రెంటచింతల, రామగుండం ఎండల్లో అవస్థ పడుతుంది.

ఢిల్లీలో ఇంటింటా కనిపించే ఎయిర్ కూలర్ మే, జూన్ నెలల్లో గది గాలిని నిజంగానే చల్లబరుస్తుంది. అది ప్రాసెసర్‌కు మేలే. తేమ వల్ల చిప్ మీద నీళ్ళు చేరతాయన్న భయం అక్కర్లేదు. గది కన్నా చల్లగా ఉన్న వస్తువు మీదే ఆవిరి నీరై చేరుతుంది, మామూలు కూలర్ కింద ప్రాసెసర్ ఎప్పుడూ గది కన్నా వేడిగానే ఉంటుంది. ద్రవ నైట్రోజన్, ద్రవ హీలియం పోసి రికార్డుల కోసం పోటీ పడేవాళ్ళకే ఆ బెడద. 2022 డిసెంబరులో ఇంటెల్ ఐ9-13900కేను 9 గిగాహెర్ట్జ్ దాటించింది హీలియంతోనే. అయితే ఎయిర్ కూలర్ గాలి క్యాబినెట్‌కు నేరుగా తగిలేట్టు పెట్టకూడదు, నీటి తుంపర ఒక్కటి బోర్డు మీద పడినా చేటే.

వేడి తరువాత శత్రువు దుమ్ము. వేసవి దుమ్ము తుపాన్లు, హైవే ధూళి, యమున ఇసుక అన్నీ కలిసి హీట్‌సింక్ రేకుల మధ్య బూడిదరంగు దుప్పటిలా పేరుకుంటాయి. ఫ్యాను విప్పి చూస్తే గాలి లోపలికి వెళ్ళే వైపు రేకుల సందులే కనిపించవు. మెత్తటి బ్రష్షుతో దాన్ని తీసి, ఎండిన పాత థర్మల్ పేస్టును స్పిరిట్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టాలి. ఒక్కోసారి ఖరీదైన కొత్త కూలర్ ఇవ్వలేని ఫలితం ఈ పని ఇస్తుంది. విడిభాగాలు కావాలంటే మయూర్ విహార్-1 స్టేషన్‌లో పింక్ లైన్ ఎక్కి, లాజ్‌పత్ నగర్‌లో వయొలెట్ లైన్‌కు మారితే నెహ్రూ ప్లేస్ వస్తుంది. సికింద్రాబాద్‌కు చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎలాగో ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ అలాగ.

పద్ధతి, హద్దులు

మల్టిప్లయర్‌ను ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతిసారీ సినీబెంచ్, ప్రైమ్95 లాంటి పరీక్షలు నడపాలి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడిని గమనిస్తూ ఉండాలి. తప్పినప్పుడు వోల్టేజీని 0.01 లేక 0.02 చొప్పున పెంచాలి. ఆటో మీద వదిలేస్తే చాలా బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. భారం పడగానే వోల్టేజీ కాస్త కుంగుతుంది. దాన్ని సరిదిద్దే లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్‌ను మధ్యస్థంగా పెట్టడం మేలు. గట్టిగా పెడితే భారం తగ్గిన క్షణంలో వోల్టేజీ ఎగిరిపడుతుంది. మిషన్ అసలు లేవకపోతే బోర్డు మీది క్లియర్ సీమాస్ జంపర్‌తో మొదటికి తేవచ్చు.

ఇంటెల్ 12 నుంచి 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 వరుసలో ఎక్కువ భాగం 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడికి చిప్ ఒక్కసారిగా కాలిపోవడం అరుదు. నెమ్మదిగా జరిగే నష్టం వేరే ఉంది. కరెంటు తాకిడికి సన్నటి తీగల్లోని లోహపు అణువులు జరిగిపోతాయి. ఈ ఎలక్ట్రోమైగ్రేషన్ వేడితో ఎంత వేగంగా పెరుగుతుందో జేమ్స్ బ్లాక్ 1969లో సమీకరణంగా చూపాడు. హెచ్చు వోల్టేజీ ముప్పును ఓవర్‌క్లాకింగ్ చేయనివాళ్ళు కూడా చవిచూశారు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోతే ఏఎండీ, చిప్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందే ఎస్ఓసీ వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. ఇంటెల్ తన 13, 14 తరాల్లో హెచ్చు వోల్టేజీ వల్ల చిప్ ముందే ముసలిదవుతోందని తేలాక, 2024 ఆగస్టులో 1.55 వోల్టులు మించకుండా మైక్రోకోడ్ మార్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది.

ఈనాటి ప్రాసెసర్లను కంపెనీలే అంచుదాకా పరుగెత్తిస్తున్నాయి. మిగిలిన వేగం కొద్ది శాతమే. మయూర్ విహార్ లాంటి చోట అందుకే వోల్టేజీ తగ్గించడం తెలివైన పని. రైజెన్ 5000తో వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోర్‌కు రుణ విలువ ఇస్తే అదే వేగం తక్కువ వోల్టేజీతో వస్తుంది. వేడి తగ్గినందువల్ల ప్రాసెసర్ పైవేగంలో ఎక్కువసేపు నిలుస్తుంది. అంత తగ్గింపును ప్రతి చిప్పూ భరించదు కాబట్టి పరీక్ష ఇక్కడా తప్పదు, పనిలేనప్పుడు కూడా మిషన్ నిలకడగా ఉందో లేదో చూడాలి.

పరీక్షకు సరైన కాలం మే నెల మధ్యాహ్నం. ఆ వేడిలో ఒక గంట నిలిచిన అమరికను బయోస్‌లో వేసవి ప్రొఫైల్‌గా భద్రపరచాలి, చలికాలానికి ఇంకొకటి పెట్టుకోవచ్చు. హోలీ వెళ్ళాక మొదటిదానికి, దీపావళి వెళ్ళాక రెండోదానికి మారితే సరిపోతుంది. ఆ రెండు రోజుల్లోనే క్యాబినెట్ తెరిచి దుమ్ము కూడా దులిపేయొచ్చు.